గేటు దాటని ఉద్యోగం

ఉద్యోగం అంటే జీతం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదని అనంతపురంలో మా వీధి తేల్చి చెప్పింది. ఉద్యోగం అంటే పొద్దున తొమ్మిదింటికి తల దువ్వుకుని, చేతిలో క్యారియర్‌తో గేటు దాటడం. జీతం అనేది ఆ గేటు దాటినందుకు ఇచ్చే దారిఖర్చు.

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కు వారం ముందు, బెంగళూరు నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చాను. అప్పుడు ఊరంతా ఇంట్లోనే ఉంది కాబట్టి నా పరువుకు ఢోకా లేదు. తర్వాత అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయారు. మా కంపెనీ మాత్రం అద్దె దండగని ఆఫీసు ఖాళీ చేసింది. వీధిలో పగలు ఇంట్లో ఉండే మగాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

మా క్లయింటు న్యూయార్క్‌లో ఉంటాడు. వాళ్ళకు పొద్దున తొమ్మిదిన్నర అయితే మనకు రాత్రి ఏడు. నవంబరులో వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు ఎనిమిది. ఈ సంగతి మా జేజికి ఓపిగ్గా వివరించాను. "గడియారం తిప్పేటోళ్ళు జీతం లెక్క తిప్పరా?" అంది.

పగలంతా నేను వీధికి ఉమ్మడి ఆస్తి. అందరి పార్సిళ్ళూ మా ఇంటికే. మూడిళ్ళ తాళంచెవులు మా మేకుకే. గ్యాస్ బండ ఎవరిదొచ్చినా దించించుకోవాల్సింది నేనే. "ఎట్లా ఇంట్లోనే ఉంటావు కదప్పా" అనే మాటకు ఇప్పటిదాకా నాకు జవాబు దొరకలేదు. కరెంటు కోతల గురించీ, మే నెల ఎండకు ల్యాప్‌టాప్ దోశ పెనంలా కాలడం గురించీ రాయను. అవి చెప్తే నలుగురూ అయ్యో అనే కష్టాలు.

అసలు కష్టం జూన్‌లో. విత్తనానికి శెనక్కాయలు ఒలవాలి. మిషన్‌లో వేస్తే పప్పు చిట్లుతుందని జేజి నమ్మకం. మీటింగ్‌లో ఉండగా చేట తెచ్చి నా ముందు పెట్టింది. "నోటితోనే కదా నీ పని, చేతులు ఖాళీగానే ఉండాయి" అంది. నా ఉద్యోగం గురించి ఇంత కచ్చితమైన అంచనా మా మేనేజరు కూడా వెయ్యలేదు. కాసేపటికి అమెరికా ఆయన, మీ వైపు ఏదో పటపటమంటోంది అన్నాడు. నెట్‌వర్క్ సమస్య అన్నాను. ఆ వారం నా కోడ్‌లో రెండు తప్పులు దొరికాయి. ఒలిచిన మూడు సేర్లలో ఒక్క పప్పు చిట్లలేదు. మా ఇంట్లో దేని గురించి మాట్లాడుకున్నారో మీకు తెలుసు.

అంతలో తాడిపత్రి వైపు నుంచి సంబంధం వచ్చింది. జీతం విని అమ్మాయి నాయన తలూపాడు. ఆఫీసు యాడ అన్నాడు. ఆ మూలగదిలో అన్నాను. లేచి వెళ్ళి తలుపు తీసి చూశాడు. మంచం మీద ల్యాప్‌టాప్, పక్కన చేట. ఉగ్గాని బజ్జీ పెట్టినంతా తిని, ఫోన్ చేస్తామని చెప్పి వెళ్ళాడు. ఉగ్గాని బాగుందని చెప్పడానికైనా చెయ్యలేదు.

చివరికి మా నాయనే దారి చూపించాడు. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారియర్‌తో గేటు దాటుతాను. సప్తగిరి సర్కిల్ దాకా పోయి, టీ తాగి, వెనక సందులోంచి ప్రహరీ దూకి నా గదిలోకి వస్తాను. ఆరింటికి మళ్ళీ గోడ దూకి సందులోంచి చుట్టూ తిరిగి, ముందు గేటుగుండా అలసిపోయి ఇంటికొస్తాను. అలసట నటించాల్సిన పనే లేదు, మా ప్రహరీ ఆరడుగులు.

పార్సిళ్ళు ఆగిపోయాయి. మొన్న పక్కింటి మామ గేటు దగ్గర పట్టుకున్నాడు.

"మళ్ళీ ఉద్యోగం దొరికిందంట కదప్పా! జీతమెంత?"

"పాత జీతమే మామా."

"పోనీలే, పోయి రావడానికి ఒక జాగా అంటూ ఉంది కదా."