ఫ్యాన్ కింద పెట్-నాట్

నిన్న సాయంత్రం నుంచి మా హాలు స్లాబుకు ఒక మరక ఉంది. చూడ్డానికి అచ్చం మహారాష్ట్ర పటం. నాందేడ్ జిల్లా ఉండాల్సిన చోట ఫ్యాను కొక్కెం. అత్తమ్మ దాని కింద నుంచి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూస్తుంది, ఏమీ అనదు. నాలుగు మాటలు అనేస్తే బాగుండు.

సంగతి చిన్నదే. మా బామ్మర్ది నాసిక్ అవతల దిండోరి వైపు ఒక చిన్న ద్రాక్షతోటలో పనిచేస్తాడు. వాళ్లే పండిస్తారు, వాళ్లే వైన్ చేస్తారు. బూజు తెగులుకు బోర్డో మిశ్రమం, బూడిద తెగులుకు గంధకం, అంతకుమించి మందు కొట్టరు. సెలవు పెట్టి ధర్మాబాద్ వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. ఫ్రిజ్‌లో పెట్టాం, కరెంటు పోయింది, పక్కింటి గురూజీ వచ్చారు, నేను మూత తీశాను.

ఆ సీసాలో ఉన్న నురగ వైన్‌ను పెట్-నాట్ అంటారు. షాంపేన్ చేసేవాళ్లు ఒకసారి పులిసిన వైన్‌లో లీటరుకు 24 గ్రాముల దాకా చక్కెర, దాంతోపాటు ఈస్టు వేసి సీసాలోనే రెండోసారి పులియబెడతారు. పెట్-నాట్‌కు ఆ తతంగం లేదు. రసం మొదటిసారి పులుస్తుండగానే, కాస్త తీపి మిగిలి ఉండగానే సీసాలో పోసి సోడా మూత బిగిస్తారు. ఆ తీపి లోపలే పులిసి గ్యాస్ అవుతుంది. ఈస్టు కూడా కొనేది కాదు, తొక్క మీదా తొట్టి మీదా ఉన్నదే. బాసర దాటితే దొరికే ఈత కల్లుదీ ఇదే వంశం. కాకపోతే లొట్టికి మూత బిగించిన గౌడ్‌ను నేను ఇంతవరకు చూడలేదు. తరాల అనుభవం మరి.

తీపి ఎంత మిగలాలో లెక్క ఉంది. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే చల్లటి సీసాలో సుమారు 1 బార్ ఒత్తిడి పుడుతుంది. మంచి పెట్-నాట్‌కు 3 బార్లు చాలు, అంటే 12 గ్రాములు. స్కూటర్ టైరులో ఉండేది 2 బార్లకు అటూ ఇటూ. మిగిలిన తీపిని హైడ్రోమీటర్ వేసి చూస్తారు. ఆ గాజు గొట్టం సాధారణంగా 20 డిగ్రీల దగ్గర నిజం చెబుతుంది. రసం 30 డిగ్రీలుంటే పల్చబడుతుంది, గొట్టం ఇంకాస్త మునుగుతుంది, అంకె రెండున్నర పాయింట్లు (సాంద్రత అంకెలో వెయ్యో వంతు ఒక పాయింటు) తక్కువ చూపిస్తుంది. పాయింటుకు సుమారు రెండున్నర గ్రాముల చక్కెర. అలా 6 గ్రాములు టికెట్ లేకుండా సీసాలోకి ఎక్కేస్తాయి, 3 బార్లనుకున్నది నాలుగున్నర అవుతుంది. సవరణ పట్టిక హైడ్రోమీటర్ డబ్బాలోనే ఇస్తారు. మావాడు డబ్బా దాచుకున్నాడు, పట్టిక పారేశాడు. ఈ ముక్క నిన్న రాత్రి, గోడ తుడుస్తూ ఒప్పుకున్నాడు.

దీని మీద మన ఎండ. 10 డిగ్రీల దగ్గర వైన్ పట్టి ఉంచుకునే గ్యాస్‌లో, అదే ఒత్తిడికి, 35 డిగ్రీల దగ్గర సగమే పట్టి ఉంచుకోగలదు. మూత బిగించి ఉంది కాబట్టి ఒత్తిడి దాదాపు రెట్టింపై మూతకు భుజం ఆనించి నిలబడుతుంది. అడుగున మడ్డి సంగతి వేరే. ఇలాంటి వైన్‌ను వడగట్టరు. చచ్చిన ఈస్టు, గడ్డకట్టిన పులుపు పలుకులు అడుగున పేరుకుంటాయి. సీసా కదిలితే అవి లేస్తాయి, ఒక్కో నలక మీద ఒక్కో బుడగ మొలుస్తుంది. కూల్‌డ్రింకులో చిటికెడు ఉప్పు వేసి అల్లరి చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకే సీసాను ముందురోజు నుంచే ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచాలి. తీసేముందు అరగంట ఐస్ నీళ్లలో మెడదాకా ముంచాలి. వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, పక్కన పెద్ద గిన్నె పెట్టుకుని, ఓపెనర్‌తో మూత అంచును వెంట్రుకవాసి ఎత్తి, ‘స్స్’ అనగానే మళ్లీ నొక్కేయాలి. నురగ దిగాక మళ్లీ ఎత్తాలి. మొండి సీసా అయితే పది నిమిషాలు పడుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చు కాబట్టే నిన్న అందరినీ హాల్లో కూర్చోబెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చినంతసేపూ సీసాను కర్రలా ఊపుతూ చూపించాను.

ఫ్రిజ్‌లో పెట్టింది పొద్దున 8 గంటలకు. 9:30కి కరెంటు పోయింది. ఫోన్ చేస్తే “లైన్ మీద పని నడుస్తుంది, గంటల వస్తది” అన్నారు. ఆ గంట సాయంత్రం 5 అయినా పూర్తి కాలేదు. మా ఇన్వర్టర్‌కు లైట్లు, ఫ్యాన్లు కలిపారు, ఫ్రిజ్ కలపలేదు. చల్లబడాల్సింది చల్లబడలేదు, తిరగకూడనిది తిరుగుతూనే ఉంది.

ఆ ఫ్యాను కింద, నులక మంచం మీద తెల్ల పంచె పరిచి, అత్తమ్మ కుర్డయిలు ఉన్నాయి. మబ్బు పట్టిందని అప్పుడే మేడ మీద నుంచి దించారు. కుర్డయి అంటే ఏదో పిండి వడియం అనుకునేరు. గోధుమలు మూడు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి, రుబ్బి పాలు తీయాలి, రాత్రంతా తేరనివ్వాలి, పైన తేటను వంపేసి ఉడికించి గొట్టంతో ఒత్తాలి. ఆ మూడు రోజుల్లో అదీ పులుస్తుంది, అదీ కొన్న ఈస్టు లేకుండానే. ఇన్నేళ్లలో ఒక్క కుర్డయి కూడా పేలలేదు.

“ఇదేంది, కుడితి లెక్క ఉంది?” అంది అత్తమ్మ, సీసాను లైటుకు అడ్డం పెట్టి చూసి.

“ఫిల్టర్ చెయ్యలే అమ్మా. అదే దీని గొప్ప,” అన్నాడు వాడు.

నేను ఓపెనర్ ఆనించాను. అక్కడి నుంచి స్లాబు దాకా మొత్తం రెండు సెకన్లు పట్టి ఉంటుంది, కానీ ఆ రెండు సెకన్లలో నాకు లేబుల్ మొత్తం చదివే తీరిక దొరికింది. ముందువైపు ఒక కవిత. మట్టి మాట్లాడుతుందట, చంద్రుడు వింటాడట, మనిషి చేయి పెట్టడట. (చేయి పెట్టకపోవడం నిజమే. హైడ్రోమీటర్ పట్టిక దగ్గర కూడా పెట్టలేదు.) దాని కింద షెనిన్ బ్లాంక్ అని ద్రాక్ష రకం. ఆ కింద, కలిపిన సల్ఫైట్లు (వైన్ చెడకుండా వేసే మందు) సున్నా అని బొటనవేలంత అక్షరాలు. ఫ్రాన్స్‌లో 2020లో గుర్తింపు తెచ్చుకున్న ‘వాన్ మెతోడ్ నాత్యూర్’ (సహజ పద్ధతి వైన్) నియమావళి కూడా లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు సల్ఫైట్ కలుపుకోవడానికి ఒప్పుకుంటుంది. కలిపినవాళ్లకు వేరే ముద్ర, కలపనివాళ్లకు వేరే ముద్ర, అంతే తేడా. మావాళ్లకు ఆ వెసులుబాటు కూడా నామోషీ. వెనకవైపు, మద్యపానం ఆరోగ్యానికి హానికరం అని ఉంది. స్లాబుకు హానికరం అని లేదు. చల్లగా ఉంచండి, నిలువుగా ఉంచండి, బేసిన్ దగ్గర తెరవండి అనే మూడు ముక్కలకు చోటు చాల్లేదు కాబోలు. చంద్రుడికి మాత్రం చాలింది.

మూత ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు. నురగ మాత్రం తిన్నగా పైకి లేచింది. అది లేచిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. ఒకటే దార, బొటనవేలంత లావు, ఎక్కడా తొణకలేదు. ఫ్యాను రెక్క తగిలేదాకా తొణకలేదు. తగిలాక మా హాల్లో నలుమూలలా సమానంగా వర్షం కురిసింది. వాతావరణ శాఖ ఎప్పుడూ చెప్పే చెదురుమదురు జల్లులు కావవి. కుర్డయిల మీద పడింది, దేవుడి క్యాలెండర్ మీద పడింది, బామ్మర్ది తెల్ల చొక్కా మీద పడింది. నా మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు, అది ఇంకా పెద్ద నేరమైంది. 750 మిల్లీలీటర్లలో సీసాలో మిగిలింది నాలుగు వేళ్లు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గురూజీ. బోరు మోటరు రేపు ఎవరు ముందు వేసుకోవాలో మాట్లాడటానికి వచ్చారు. ఆయన మాళకరి. మెడలో తులసి పూసలు, ఏటా ఆషాఢంలో పండరపురం కాలినడక, మద్యం మాంసం ఇంటి చుట్టుపక్కల కూడా పనికిరావు. “తమ్మీ, రేపు మోటరు” అనబోయి ‘మో’ దగ్గర ఉన్నారు. ఆ అక్షరానికి నోరు ఎంత గుండ్రంగా తెరుచుకుంటుందో మీరే ఒకసారి అని చూడండి.

ఆయన మింగేశారు.

“ద్రాక్షరసం గురూజీ,” అన్నాను. అబద్ధం కాదు, పాత సంగతి.

ఆయన కండువాతో మీసం తుడుచుకున్నారు. “పుల్లగ మంచిగనే ఉంది,” అన్నారు. నా ప్రాణం కుదుటపడింది. సుమారు పదిహేను సెకన్లు.

ఆ పదిహేను సెకన్లకు ఒక కారణం ఉంది. సల్ఫైట్ వేయని వైన్‌కు పట్టే రోగాల్లో ఎలుక కంపు ఒకటి. ఎండ ఎక్కువ తగిలిన ద్రాక్షలో పులుపు తగ్గుతుంది, కాపలాకు సల్ఫైట్ లేదు, ఏ సందునుంచో గాలి దూరితే లాక్టిక్ బ్యాక్టీరియా గానీ బ్రెట్ అనే ఈస్టు గానీ ఆ కంపును తయారుచేస్తాయి. గ్లాసులో ముక్కు పెడితే ఏమీ తెలియదు. వైన్ పులుపులో అది ఆవిరై పైకి రాదు. నోట్లో ఉమ్మితో కలిసి పులుపు విరిగాక, మింగిన పది పదిహేను సెకన్లకు, గొంతు వెనక నుంచి లేస్తుంది. చిత్రం ఏమిటంటే దానికి కారణమైన పదార్థాల్లో ఒకటి బాస్మతి బియ్యానికి వాసన ఇచ్చేదే. గ్లాసులో చిటికెడు తినే సోడా వేసి వాసన చూస్తే సీసాలో పోయకముందే పట్టుకోవచ్చు. కొందరి నాలుకకు ఈ కంపు అసలు తగలదు. నేను ఆ కొందరిలో ఒకణ్ణి. మా బామ్మర్ది కూడా. వాళ్ల తోట యజమాని కూడానట. ముగ్గురం కలిసి దీన్ని ‘బాగుంది’ అన్నాం.

“తమ్మీ,” అన్నారు గురూజీ ముక్కు ఎగబీలుస్తూ, “మీ ఇంట్ల ఎక్కడ్నో ఎలుక చచ్చినట్టుంది.”

జన్మలో వైన్ ముట్టని మనిషి, ఒక్క చుక్కకు, రోగం పేరుతో సహా చెప్పేశారు. బామ్మర్ది నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. కంపు సీసాది అంటే సీసాలో ఏముందో చెప్పాలి. అది చెబితే ఆ పూసల సంగతేం కావాలి? ఇద్దరం మారుమాట్లాడకుండా అల్మారాకు చెరో వైపు పట్టాం.

అల్మారా జరిపాం. కొట్టుగదిలో జొన్నల బస్తాలు దించాం. గురూజీ టార్చి పట్టుకుని ముందు నడిచారు, అత్తమ్మ చీపురు పట్టుకుని వెనక. ఏడింటికి కరెంటు వచ్చింది, ఇంకా మంచం కిందే ఉన్నాం. ఎలుక దొరకలేదు.

పొద్దున్నే గురూజీ బోను పంపించారు. అత్తమ్మ తడిసిన కుర్డయి ఒకటి వేయించి అందులో పెట్టి, ఫ్రిజ్ పక్కన ఉంచింది. రెండో సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.