‘వంశంలో లేని చదువు రాదు’ అనే మెసేజ్‌కు ఒక జెనెటిక్స్ టీచర్ జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరిగింది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: తెలివి 80 శాతం జీన్స్‌లోనే ఉంటుందని సైన్స్ తేల్చింది, తెలివి జీన్ కూడా దొరికింది, మెండెల్ ఎప్పుడో బఠాణీలతో నిరూపించాడు, వంశంలో లేని చదువు ఎంత ఫీజు కట్టినా రాదు. చివర ‘విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా’ అని సామెత. డిగ్రీ పిల్లలకు జెనెటిక్స్ చెప్పేదాన్ని, చూసీ చూడనట్టు వదిలేయలేను.

ముందు ఆ 80 శాతం. కవలల మీద చేసిన కొన్ని అధ్యయనాల్లో పెద్దవాళ్ల ఐక్యూకు అలాంటి అంకె వచ్చిన మాట నిజం. అయితే మీ అమ్మాయి తెలివిలో 80 పాళ్లు జీన్స్, 20 పాళ్లు చదువు అని దాని అర్థం కాదు. ఒక గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో అది చెబుతుంది, అదీ ఆ గుంపు బతికే పరిస్థితుల్లో. రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త మొక్కజొన్నతో చెప్పిన ఉదాహరణను నేను క్లాసులో కందికి మార్చుకున్నాను. ఒకే సంచిలోని కంది విత్తనం సగం నల్లరేగడిలో, సగం రాళ్ల చెలకలో చల్లండి. రేగడి చేనంతా ఒకే నేల, ఒకే నీరు అనుకుంటే అక్కడ మొక్కకూ మొక్కకూ తేడా విత్తనాలదే. చెలకలోనూ అంతే. కానీ రేగడి కంది మనిషెత్తు ఎదిగి, చెలక కంది నడుము దాటకపోతే ఆ తేడా నేలది. సామెత తప్పేమీ కాదు, కంది వేస్తే కందే మొలుస్తుంది. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లో విత్తు ఒక్కటే చెప్పదు.

ఎత్తు సంగతీ అలాంటిదే, దానికీ 80 శాతం దాకా చెబుతారు. అయినా దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన ఆడవాళ్ల కంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు పొడుగు. మారింది జన్యువులు కాదు, తిండి, ఆరోగ్యం.

తెలివి జీన్ దొరకలేదు. 2018లో 11 లక్షల మంది జన్యు సమాచారాన్ని వాళ్లు చదివిన ఏళ్లతో పోల్చి చూస్తే 1,271 చోట్ల తేడాలు తేలాయి. ఒక్కోదానితో ముడిపడింది చదువులో ఒకటి రెండు వారాలు, అంతే.

మెండెల్ పేరు లాగినందుకు బాధగా ఉంది, ఎందుకంటే ఇందులో మా టీచర్ల పాత్ర కూడా ఉంది. ఒక ఏడాది నాలుకను గొట్టంలా చుట్టే పాఠం చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే, చుట్టగలగడం ఒక్క జీన్ పని, అదీ డామినెంట్, అంటే పిల్లలకు వస్తే తల్లిదండ్రుల్లో ఒకరికైనా వచ్చి తీరాలి అన్నాను. ఇంట్లో వాళ్లవి చూసి రాసుకురమ్మన్నాను. సోమవారం అందరూ వెళ్లాక ఒకమ్మాయి రికార్డు బుక్ గుండెకు పట్టుకుని నిలబడింది. “మేడమ్, అమ్మకు రాదు, నాయనకు రాదు. నాకు వస్తది. గట్లెట్లయితది?” ఆ పాఠం ప్రకారం అది జరగకూడదు. ఆ పిల్ల శనివారం నుంచి ఏం ఆలోచించిందో ఆ ముఖంలోనే కనిపించింది. అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లోనూ ఒకరికి నాలుక చుట్టడం వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చని 1952లోనే బయటపడింది. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది.

మెండెల్ తన బఠాణీ మొక్కల్లో కావాలనే స్పష్టంగా తేడా ఉండే ఏడు లక్షణాలు ఎంచుకున్నాడు. ఆయన ప్రయోగానికి అది అవసరం. మామూలు బఠాణీలు పసుపు, పచ్చ అని రెండు కుప్పలుగా విడిపోవని, మధ్యలో ఎన్నో ఛాయలు ఉంటాయని వెల్డన్ అనే ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త 1902లోనే చూపించాడు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో ఒక గుంపు విద్యార్థులకు వెల్డన్ దారిలో, అంటే పరిసరాల పాత్రను మొదటి నుంచీ కలిపి పాఠం చెప్పారు. అన్నీ జీన్స్‌లోనే ఉన్నాయన్న నమ్మకం వాళ్లలో తగ్గింది. మామూలు పద్ధతిలో చదివినవాళ్లలో తగ్గలేదు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. అప్పటి నుంచి నా మొదటి క్లాసు బఠాణీలతో మొదలుకాదు, ఫ్లోరైడ్‌తో మొదలవుతుంది.

ఎందుకంటే ‘వంశం’ అన్న మాటకు జవాబు మన జిల్లాలోనే ఉంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో తాతకు వంగిన కాళ్లు, నాయనకు బిగిసిన నడుము, మనవడి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. తెలియనివాడు చూస్తే వంశరోగం అంటాడు. కారణం రాళ్లలోంచి బోరునీళ్లలో కరిగిన ఫ్లోరైడ్. దాన్ని నీళ్లలోంచి తీయడానికి నీరి అనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. అందులో వాడింది పటిక, సున్నం.

చదువూ అంతే. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 2001లో 44 శాతం, 2011లో 55. పదేళ్లలో పాలమూరు జీన్స్ మారలేదు. వలసపోయే తల్లిదండ్రుల వెంట మేస్త్రీ లారీ ఎక్కాల్సిన పిల్లలు కొందరు బడిలో కూర్చోగలిగారు.

ఆ మెసేజ్ మీ ఇంట్లో ఇంటర్ తప్పిన పిల్ల ఫోన్‌కి చేరకముందే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు కట్టేయండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది.