నంగనాచి పెద్దపేగు గారికి

మహారాజశ్రీ పెద్దపేగు గారి దివ్యసముఖానికి,

ఇవాళ మధ్యాహ్నం డాక్టరు గారి గదిలో తమరి వినయం చూసి ముచ్చటేసింది. నెల ముందు పేరు రాయించుకుని, మూడు గంటలు కూర్చుని, తీరా బల్ల మీద పడుకుంటే ఆయన నాలుగు వైపులా నొక్కి, "మెత్తగానే ఉందే, ఉబ్బరం ఏదీ?" అన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు తమరు కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిన్నానో లేదో, గుండీ విప్పుకోవాల్సొచ్చింది.

రిపోర్టులన్నీ నార్మలే. ఆ మాట వింటే కడుపు మండుతుంది. ఆ మంట మాత్రం తమరి ఖాతాలోది కాదు. 3 నెలలుగా వారానికి కనీసం ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలని, పరీక్షల్లో ఏమీ తేలకుండానే పేగు సతాయించే జబ్బైన ఐబీఎస్‌కు ఒక కొలత ఉంది. అందులో నేను డిస్టింక్షన్.

తవుడు తిని పీచు పెంచుకోమన్న సలహాదారులకు వేరే ఉత్తరం రాస్తాను. పుదీనా నూనె క్యాప్సూల్ నమిలి గుండెలో మంట తెచ్చుకున్నది నా తెలివే, ఒప్పుకుంటాను. ఫోడ్‌మ్యాప్ (పేగులో సరిగా ఇంకక పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలు) లెక్కన ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు 4 వారాలు మానేస్తే సగం దారికొచ్చారు. ఒక్కొక్కటే మళ్లీ కలుపుతూ వస్తే పాలకు ఊరుకున్నారు. ఒక్క వెల్లుల్లి రెబ్బకి రాత్రంతా జాగారం చేయించారు.

అవన్నీ సరే. డాక్టరు ముందు ఆ నాటకమేమిటి?

పొద్దున లేవగానే టేపు పెట్టి కొలిస్తే 81 సెంటీమీటర్లు. రాత్రి పడుకునే ముందు 88. నోట్‌బుక్కులో రాసి పెట్టాను. అద్దం ముందు పక్కకి తిరిగి తీసుకున్న ఫోటోలూ ఉన్నాయి. మేనకోడలి పుట్టినరోజు ఫోటోల మధ్య వాటిని వెతుక్కుంటుండగానే నర్సు తర్వాతి పేరు పిలిచేసింది.

లోపల గాలి అందరికీ ఉన్నంతే ఉన్నా పొట్ట పొంగొచ్చట. తిన్నాక పైకి జరిగి తమరికి చోటివ్వాల్సిన డయాఫ్రం, అదే ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం, నాబోటి వాళ్లకి కిందికి దిగి కూర్చుంటుంది, ముందు గోడ కండరాలేమో వదిలేస్తాయి. పైగా తమరి నరాలు గోరంతని కొండంత చేసి మెదడుకి మోస్తాయి. అంటే నేను అబద్ధం చెప్పట్లేదు. కానీ ఖాళీ కడుపుతో మూడు గంటలు కూర్చోబెట్టి నొక్కితే ఏం కనిపిస్తుంది, నా బొంద!

సిగ్గుందా నీకు? మీటింగులో అందరూ నోరు మూసుకున్న క్షణం చూసి గుడగుడమంటావు. పెళ్లి ఫోటోలో నాకంటే నువ్వే ముందుంటావు. ఊళ్లో వాళ్లందరికీ కనిపిస్తావు, చూడాల్సిన ఆ ఒక్క మనిషికి తప్ప.

వచ్చే నెల సాయంత్రం 6 గంటలకి చూపించుకుంటానని అడిగి మరీ రాయించాను. కడుపు నిండా తినే వస్తాను. ఆయన చెయ్యి వేసినప్పుడు, ఒక్కసారంటే ఒక్కసారి, ఉబ్బి చావు.