పురావస్తు పరిరక్షణలో సింహపురి పద్ధతి

పురావస్తువుల పరిరక్షణ పేరిట ప్రపంచమంతటా జరుగుతున్న కాలయాపనను చూస్తే నెల్లూరు జిల్లా వాసిగా నాకు జాలి కలుగుతుంది. శాసనం ఉన్న రాతిని మెత్తటి కుంచెతో, మంచినీళ్లతో మాత్రమే కడగాలని, అరిగిన అక్షరాల మీద పక్కవాటుగా వెలుతురు పడేలా దీపాన్ని ఒక్కో కోణంలో నిలిపి పదుల కొద్దీ ఫొటోలు తీసి వాటన్నింటినీ కంప్యూటరులో కలిపి చూడాలని, రాతికి ఏదైనా పూత వేయక తప్పకపోతే మళ్లీ తీసేయడానికి వీలైనదే వేయాలని శాస్త్రవేత్తలు నియమాలు పెట్టుకున్నారు. వాళ్లు ఈ విధంగా ఒక్క స్తంభం దగ్గర నెలలు గడుపుతుండగా, మా వైపు ఒక ఆలయ కమిటీ, ఒక కాంట్రాక్టరు, ఒక బ్రహ్మోత్సవాల గడువు కలిస్తే మండపానికి మండపమే తేలిపోతున్నది. ఇంతటి పద్ధతి ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠ్యాంశం కాకపోవడం శోచనీయం.

ఈ పద్ధతి నిన్నమొన్న పుట్టింది కాదు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట వాలులో దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, అందులో రోమన్ నాణేలు బయటపడ్డాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన లేఖలో ఈ సంగతి నమోదైంది. నాణేల మీద ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల బొమ్మలు, ఫౌస్టీనా రాణి బొమ్మ ఉన్నాయి కాబట్టి అవి క్రీస్తుశకం 2వ శతాబ్దానివి. నేటి పరిశోధకుడైతే వాటి లోహాన్ని ఎక్స్ కిరణాలతో పరీక్షించి, కుండ పెంకు చివరిసారి ఎప్పుడు కాలిందో థర్మోలూమినిసెన్స్‌తో లెక్కగట్టి, రోము బంగారం ఈ గుట్టకు ఏ రేవు మీదుగా చేరిందో తేల్చడానికి జీవితకాలం వెచ్చించేవాడు. మన రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్లు గీటురాయి మీద వన్నె చూసి, చాలావాటిని మూసలో పెట్టి కరిగించారు. దురదృష్టవశాత్తు ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా కలగజేసుకొని ముప్పైకి పైగా నాణేలను స్వాధీనం చేసుకోవడంతో ఆ ప్రయోగం అసంపూర్తిగా మిగిలిపోయింది.

వర్తమానానికి వస్తే, పెన్న ఒడ్డున ఒక పాత శివాలయంలో జీర్ణోద్ధరణ నేను కళ్లారా చూశాను. ముఖమండపం స్తంభానికి తూర్పు ముఖాన పై నుంచి కింది దాకా శాసనం ఉంది. మొదట కంప్రెసరు తెచ్చి ఇసుక చిమ్మించారు. నల్లబడిన రాయి కొత్తదానిలా తేలింది, అక్షరాల అంచులు దానితో పాటే లేచిపోయాయి. ఆ మీదట బూడిద రంగు ఆయిల్ పెయింటు రెండు పూతలు పడింది. కమిటీ పెద్ద నన్ను చూసి, "ఆ రాత ఎవురికీ అర్థం కాదు గదా సార్, రంగేస్తే శుభ్రంగా ఉంటాది" అన్నారు. పరిరక్షణ శాస్త్రం మీద ఇంత క్లుప్తమైన సిద్ధాంతాన్ని నేను మరెక్కడా వినలేదు. చివరగా, మిగిలిన నాలుగు పంక్తుల మీదుగా డ్రిల్లింగు మిషనుతో రంధ్రాలు చేసి దాతల పేర్ల పలక బిగించారు. అది చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. (అది గ్రానైటే కాదని, గాబ్రో జాతి రాయని, అందులోని మెరుపులు బ్రాంజైట్ ఖనిజానివని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు, ఇంత చిన్న విషయంలోనూ వాళ్లకు మనతో పేచీయే.) ఆ పలక కింద ఉన్నది కూడా దానశాసనమేనని, ఎవరో నిత్యదీపానికి ఇచ్చిన భూమి వివరమని తెలిసినవాళ్లు అన్నారు. పలక మీది దాతలు సీలింగు ఫ్యాన్లు ఇచ్చారు. ఫ్యాను రెక్కల మీద కూడా వాళ్ల పేర్లు ఉన్నాయి గాని, అవి చదవాలంటే కరెంటు పోవాలి.

గోడల సంగతి క్లుప్తంగా చెబుతాను. గానుగ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుందని, గోడలోని తేమను బయటికి పోనిస్తుందని, సిమెంటు ఆ తేమను లోపలే బంధించి, తనలోని లవణాలను రాతిలోకి పంపి, అవి స్ఫటికాలై రాతిని పొరలు పొరలుగా రాల్చేస్తాయని నిపుణులు హెచ్చరిస్తున్నారు. వాళ్లు గమనించనిది ఒక్కటే: రాయి రాలితేనే గదా మరుసటి జీర్ణోద్ధరణకు టెండరు.

ఇక ఉదయగిరి వంటి దుర్గాల చుట్టూ రాత్రిపూట పనిచేసే గుప్తనిధుల వేటగాళ్ల క్షేత్ర పరిశోధనను తక్కువ చేయలేము. తవ్వకంలో ఏ పొరలో ఏది దొరికిందన్నదే కాలనిర్ణయానికి ఆధారమని, రేడియోకార్బన్ పరీక్షకు పంపే బొగ్గు ముక్క ఏ పొరలోదో తెలియకపోతే వచ్చిన తేదీ దేనికీ అతకదని పురావస్తు శాస్త్రం చెబుతుంది. అందుకే శాస్త్రవేత్తలు అంగుళాల లెక్కన మట్టిని గీరుతారు. మనవాళ్లు జేసీబీతో అన్ని యుగాలనూ ఒకే కుప్పగా పోసి, మానవజాతి అంతా ఒక్కటేనని నిరూపిస్తున్నారు. పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం అంటున్నది గాని, తెల్లవారుజామున కలెక్టరును నిద్ర లేపడం మర్యాద కాదు.

వస్తువు నిలవాలంటే ఇక్కడి నుంచి కదలాలన్నది మా జిల్లాలు శాస్త్రానికి అందించిన అసలైన సూత్రం. 1514లో ఉదయగిరిని గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. అది నేడు చెన్నై మ్యూజియంలో క్షేమంగా ఉంది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్తూపం దగ్గర నుంచి దొంగల చేతుల్లో పోయిన సున్నపురాతి శిల్పం ఒకటి 2005లో దాదాపు ఆరు లక్షల డాలర్లకు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి, తేమను, వెలుతురును లెక్కగట్టే గదిలో పదేళ్లకు పైగా సుఖపడింది. 2016లో వాళ్లు దాన్ని భారత ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. ఆ శిల్పం అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఈ కృషికి అడ్డుపడినవాళ్లలో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరిని ప్రత్యేకంగా పేర్కొనాలి. నెల్లూరు జిల్లా రాగి రేకుల, రాళ్ల మీది శాసనాలను సేకరించి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేయించి, మనం ఏమేమి పోగొట్టామో ఊరి పేరుతో సహా సాక్ష్యం మిగిల్చి పోయారు. ఆ సంపుటాలే లేకుంటే ఈ రోజు ఏ కమిటీనైనా ఎవరు నిలదీయగలిగేవారు?

పాతకాలపు శాసనకర్తలకు ముందుచూపు లేదని కూడా చెప్పక తప్పదు. ఈ ధర్మాన్ని చెరిచినవాడు గంగ కరుత కవిలను (గంగ ఒడ్డున కపిల గోవును) చంపిన పాపాన పోతాడని చివర శాపం చెక్కించారే గాని, ఇసుక కంప్రెసరును, ఆయిల్ పెయింటును అందులో చేర్చలేదు. భూమిని అపహరిస్తేనే శాపం తగులుతుందని, రాతిని నున్న చేస్తే తగలదని మా శివాలయ కమిటీ ఒక ప్లీడరు చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకొంది. ఫీజు హుండీ ఖాతాలో రాశారు.