"బూతులు మాట్లాడేవాళ్లే నిజాయితీపరులు" అన్న ఫార్వర్డ్‌కి నా జవాబు

గ్రూపుల్లో ఎవరైనా "కాస్త మర్యాదగా మాట్లాడండి" అంటే చాలు, కింద ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతోంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఇది: బూతులు మాట్లాడేవాళ్లు నిజాయితీపరులని, తెలివైనవాళ్లని సైన్స్ తేల్చేసింది, కోపం కక్కేస్తే మనసు తేలికపడుతుంది, గట్టిగా తిడితేనే పని నాణ్యంగా వస్తుంది, విషయం చూడాలి తప్ప భాష చూడకూడదు, మర్యాద మర్యాద అనేవాళ్లు వాక్‌స్వేచ్ఛకు అడ్డుపడుతున్నారు, తిట్లు పడనివాళ్లు ఆన్‌లైన్‌కి రాకుండా ఉంటే సరిపోతుంది. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పంచుతున్నారు, ఎందుకంటే ఇందులో కొన్ని నిజమైన పరిశోధనల పేర్లు ఉన్నాయి. అందుకే ఒక్కొక్కటీ విడివిడిగా తీసుకుని చెప్తాను.

ముందుగా ఒక మాట. బూతు మాట వినపడితే చెవులు మూసుకునే రకం కాదు నేను. కాలికి రాయి తగిలినప్పుడు నోటికొచ్చేది, పాత స్నేహితులు వాళ్లలో వాళ్లు అనుకునేది, వాటితో నాకే పేచీ లేదు. "ఈ దరిద్రపు యాప్ మళ్లీ హ్యాంగైంది" అని విసుక్కున్నవాడినీ, అవతలి మనిషి తల్లిని లాగి తిట్టినవాడినీ ఒకే గాటన కట్టడమే ఈ ఫార్వర్డ్‌లో ఉన్న అసలు తప్పు, మిగతావన్నీ దాని నుంచే పుట్టాయి. మొదటివాడు ఒక వస్తువు మీద విసుక్కున్నాడు. రెండోవాడు ఒక మనిషిని, అదీ ఆ వాదనతో ఏ సంబంధమూ లేని మనిషిని అవమానించాడు. బూతుల్లో ఎక్కువ భాగం ఇలా ఇంటి ఆడవాళ్ల మీదో, పుట్టుక మీదో, ఒంట్లో ఉన్న లోపం మీదో పడేవే కదా.

ఇక మొదటిది, "బూతులు మాట్లాడేవాళ్లు నిజాయితీపరులని సైన్స్ తేల్చింది" అన్నది. తేల్చలేదు. దీనికి మూలం 2017లో గిలాద్ ఫెల్డ్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధన. అందులో ఒక భాగం కోసం 276 మందిని మీరు బూతులు ఎంత తరచుగా వాడతారని అడిగారు, దాంతోపాటు ఒక పాత ప్రశ్నావళి ఇచ్చారు. ఆ ప్రశ్నావళి తీరు ఏంటంటే, ఇచ్చిన మాట ఎంత ఇబ్బందైనా నిలబెట్టుకుంటారా, మీ అలవాట్లన్నీ మంచివేనా అన్నట్టు అడుగుతుంది, అన్నింటికీ అవునన్నవాళ్లను అబద్ధాలు చెప్పేవాళ్ల కింద లెక్కేస్తుంది, ఏ మనిషీ అంత మంచిగా ఉండడు అన్న ఊహతో. బూతులు ఎక్కువ వాడేవాళ్లు ఇలాంటివాటికి "అవును" తక్కువ చెప్పారు, కాబట్టి నిజాయితీ ఎక్కువ అన్నారు. మరుసటి ఏడాది, 2018లో, రైనౌట్ డి వ్రీస్, మరికొందరు పరిశోధకులు అదే పత్రికలో దీనికి జవాబు రాశారు. పేరు బయటపడని చోట, అబద్ధం చెప్పినా ఒరిగేదేమీ లేని చోట, నేను మాట నిలబెట్టుకుంటాను అని చెప్పినవాడు చాలావరకు నిలబెట్టుకునేవాడే అయి ఉంటాడు, అంటే ఆ మార్కులను తలకిందులుగా చదివారు అన్నది వాళ్ల అభ్యంతరం. నిజాయితీని కొలవడానికే తయారుచేసిన వేరే ప్రశ్నావళితో చూస్తే బూతులు ఎక్కువ వాడేవాళ్లకు మార్కులు తక్కువే వచ్చాయని చూపించారు. ఫార్వర్డ్‌లో మొదటిదే ఉంటుంది, రెండోది ఉండదు.

అదే పరిశోధనలో ఇంకో భాగం ఉంది, దాదాపు 73 వేల మంది ఫేస్‌బుక్ రాతలను కంప్యూటర్‌తో చదివించారు. ఆ రాతల్లో ఉన్నది నిజమా కాదా అని ఎవరూ సరిచూడలేదు. "నేను", "నాకు" లాంటి మాటలు ఎంత తరచుగా వచ్చాయి వగైరా లెక్కలు కట్టి, వాటిని నిజాయితీకి గుర్తులుగా తీసుకున్నారు. దీన్ని పట్టుకుని, నిన్న ఎవరినో నోటికొచ్చినట్టు తిట్టినవాడు "నేను ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషిని" అనడం ఎలా కుదురుతుంది? ఉన్నదున్నట్టు చెప్పాలంటే "నువ్వు చెప్పింది తప్పు, ఎందుకంటే ఇది" అంటే చాలు, అందులో తిట్టుకి పనే లేదు.

తెలివి సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ సగం నిజముంది. 2015లో క్రిస్టిన్ జే, టిమతీ జే చేసిన అధ్యయనంలో ఒక నిమిషంలో ఎన్ని బూతులు చెప్పగలరో అడిగారు, ఒక అక్షరంతో మొదలయ్యే మామూలు మాటలు ఎన్ని చెప్పగలరో కూడా అడిగారు. ఒకటి ఎక్కువ చెప్పినవాళ్లు రెండోదీ ఎక్కువ చెప్పారు. కాబట్టి మాటలు రానివాళ్లే బూతులు వాడతారు అన్న పాత అభిప్రాయం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ కొలిచింది ఎన్ని మాటలు తెలుసు అన్నది. ఎవరి మీద ఎన్ని విసిరారు అన్నది కాదు. భాష బాగా వచ్చిన మనిషికి తిట్లు కూడా ఎక్కువ తెలిసే ఉంటాయి, వాటిని ఎక్కడ వాడాలో ఎక్కడ మింగాలో కూడా తెలిసే ఉంటుంది.

"కోపం కక్కేస్తే మనసు తేలికపడుతుంది." ఇది నిజమనిపిస్తుంది, అందుకే ప్రమాదం. దీనికి రుజువుగా చూపించేది 2009లో కీల్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ స్టీఫెన్స్ బృందం చేసిన ప్రయోగం: మంచునీళ్లలో చెయ్యి పెట్టి బూతు పలికినప్పుడు, మామూలు మాట పలికినప్పటికంటే ఎక్కువసేపు నొప్పి ఓర్చుకున్నారు. బాగానే ఉంది, కానీ వాళ్లు తిట్టింది మంచునీళ్లని, ఎదురుగా కూర్చున్న మనిషిని కాదు. పైగా 2011లో అదే ప్రయోగాన్ని ముందుకు తీసుకెళ్తే, రోజూ ఎక్కువగా బూతులు మాట్లాడేవాళ్లకు ఆ ఉపశమనం తక్కువగా దొరికిందని తేలింది.

మనిషి మీద కోపం సంగతి చూడాలంటే బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. 600 మంది విద్యార్థుల చేత వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం ఎక్కడా చదవలేదు అన్నట్టుగా వేరే విద్యార్థి పేరుతో వ్యాఖ్య చూపించి కోపం తెప్పించారు. తర్వాత కొందరిని ఆ మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నారు, కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు, కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. ఆ మనిషిని తలుచుకుంటూ గుద్దినవాళ్ల కోపం తగ్గలేదు, అందరికంటే ఎక్కువగా ఉంది. తర్వాత ఎదుటివాడిని శిక్షించే అవకాశం ఇస్తే అందరికంటే తక్కువ దూకుడు చూపించింది ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు. ఆన్‌లైన్ గొడవలో తిట్టు టైప్ చేసేటప్పుడు మనం చేసేది ఆ మొదటి గుంపువాళ్లు చేసిందే: అవతలి పేరు, ఫోటో చూస్తూ, వాడు అన్నమాట మళ్లీ మళ్లీ చదువుతూ కసిగా కొట్టడం. పంపాక తేలిగ్గా ఉంటే రెండు నిమిషాలకోసారి ఫోన్ తీసి వాడేం జవాబిచ్చాడో అని చూడటం ఎందుకు?

"గట్టిగా తిడితేనే పని నాణ్యంగా వస్తుంది" అనేవాళ్లు ఎప్పుడూ లినస్ టోర్వాల్డ్స్ పేరు చెప్తారు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్‌ని, అంటే లినక్స్ కెర్నల్‌ని, అంత గొప్పగా నడిపించినవాడు మెయిళ్లలో బండబూతులు తిట్టేవాడు, కాబట్టి తిట్లే దాని బలం అని. మరి 2018 సెప్టెంబర్‌లో ఆయనే ఏం రాశాడో వీళ్లు ఎందుకు చెప్పరు? తన మెయిళ్లలోని ఆ దాడులు వృత్తిధర్మం కాదని, అనవసరమని బహిరంగంగా ఒప్పుకున్నాడు, బాధపడ్డవాళ్లకు క్షమాపణ చెప్పాడు, కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు. అప్పుడే కెర్నల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది. దాంతో లినక్స్ నాశనమైపోతుందని గోల చేసినవాళ్లు చాలామంది. ఆయన లేని ఆ వారాల్లో కెర్నల్ మీద పనిచేసే ఇంకో ప్రోగ్రామర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ పని చూసుకున్నాడు, 4.19 వెర్షన్ అక్టోబర్‌లో వచ్చేసింది, తర్వాత 5.0, 6.0 కూడా వచ్చాయి, నాసిరకం కోడ్‌ని తిప్పి పంపడం ఇవాళ్టికీ మానలేదు. తిప్పి పంపడానికి తిట్టక్కర్లేదు మరి. "ఈ కోడ్ తీసుకోను. లాక్ లేకుండా లిస్టుని మారుస్తున్నావు, రెండు థ్రెడ్లు ఒకేసారి వస్తే క్రాష్ అవుతుంది. సరిచేసి మళ్లీ పంపు." ఇందులో మెత్తదనం ఒక్క ముక్క లేదు, కానీ అవతలివాడికి ఏం చెయ్యాలో పూర్తిగా తెలిసింది. అదే కోడ్‌కి "నీలాంటి వెధవకి కీబోర్డ్ ఎవడిచ్చాడు" అంటే లాక్ సంగతి ఆ కుర్రాడికి ఎప్పటికీ తెలియదు. మర్యాద అంటే మెతకదనం అనుకోవడం వల్లే ఈ గందరగోళమంతా.

"విషయం చూడు, భాష చూడకు" అన్నదానికి వస్తే, మనిషి మెదడు అలా విడదీసి చదవదు. 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో ఒకేలాంటి రెండు గుంపుల పాఠకులకు నానో వెండి, అంటే అతి సూక్ష్మమైన వెండి రేణువుల గురించి ఒకే వ్యాసం చూపించారు. ఒక గుంపుకు వ్యాసం కింద మర్యాదగా రాసిన వ్యాఖ్యలు పెట్టారు, రెండో గుంపుకు తిట్లతో కూడినవి. ఆష్లీ ఆండర్సన్, డొమినిక్ బ్రొసార్డ్ తదితరులు చేసిన ఈ అధ్యయనంలో తిట్లు చదివినవాళ్లు ముందే తమకున్న అభిప్రాయం బట్టి రెండు వైపులకూ ఇంకా దూరం జరిగారు. వ్యాసం ఒక్కటే. కింద ఎవరో తిట్టుకున్నది చదివి, పైన ఉన్న విషయాన్నే వేరుగా అర్థం చేసుకున్నారు.

ఇది ఏ గ్రూపులో అయినా కనిపిస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒక ప్రశ్న పెడుతుంది, "సర్, ఈ ఎర్రర్ రెండు రోజులుగా వస్తోంది, ఎక్కడ చూడాలో చెప్పగలరా" అని, స్క్రీన్‌షాట్‌తో సహా. మొదటి జవాబు: "ఇది కూడా తెలియనివాళ్లు ఈ ఫీల్డుకి ఎందుకొస్తారో." దానికి నవ్వు బొమ్మలు. కాసేపటికి ఆ ప్రశ్న ఉండదు, డిలీట్ చేసేసింది. జవాబు తెలిసిన ఇంకొకాయన సగం టైప్ చేసి, ప్రశ్నే లేకపోయేసరికి వదిలేశాడు. అదే ఎర్రర్‌తో తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అక్కడ ఏమీ దొరకదు. గమనించారా, ఆ మొదటి జవాబులో ఒక్క బూతు కూడా లేదు. నేను మర్యాద గురించి మాట్లాడుతున్నది ఇందుకే. బూతు మాటల జాబితా తయారుచేసి ఫిల్టర్ పెట్టేస్తే అయిపోతుందనుకునే అడ్మిన్లకు కూడా ఇదే చెప్తాను: ఫిల్టర్ ఈ జవాబుని పట్టుకోదు, బూతేమో మధ్యలో చుక్కలు పెట్టుకుని దాటిపోతుంది, పట్టుబడేది అమాయకులు. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ అనే ఊరివాళ్లను ఖాతాలే తెరవనివ్వలేదు, ఊరి పేరులో ఒక బూతు అక్షరాలు వరసగా ఉన్నాయని.

ఇంకో సంగతి, ఇది అంటుకుంటుంది. 2017లో జస్టిన్ చెంగ్, అతని సహ పరిశోధకులు చూసిందేమిటంటే, చెడ్డ మూడ్‌లో ఉన్న మామూలు మనుషులకు ముందే తిట్లున్న చర్చ చూపిస్తే, వాళ్లూ అలాగే రాసే అవకాశం దాదాపు రెట్టింపైంది. ట్రోల్స్ అంటే వేరే జాతి కాదు. మొదటి తిట్టుని అలా ఉంచేస్తే తర్వాతవి మామూలుగా బాగానే ఉండే మనుషులు రాస్తారు.

"వాక్‌స్వేచ్ఛ" అన్నది చివరి ఆయుధం, దాంతోపాటు "ఇంటర్నెట్ మొదట్నుంచీ ఇంతే" అన్న మాట. మొదట్నుంచీ ఇంతే కాదు. 1995 అక్టోబర్‌లోనే ఆన్‌లైన్ మర్యాదల పత్రం ఒకటి వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1855 అంటారు. అన్నీ పెద్ద అక్షరాల్లో రాస్తే అరిచినట్టుంటుందని, ఆవేశంగా జవాబు రాయాలనిపిస్తే ఒక రాత్రి ఆగమని అందులో ఉంది. నెట్ అప్పటికి చాలామంది ఇళ్లలోకి రానే లేదు. ఇక స్వేచ్ఛ విషయంలో వికీపీడియా కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ వ్యాసాలకు సెన్సార్ లేదని స్పష్టంగా రాసుకున్నారు, ఒక బూతు మాట చరిత్ర మీద కూడా వ్యాసం ఉండొచ్చు. అదే చోట, సభ్యులు ఒకరినొకరు గౌరవించుకోవాలన్నది ఐదు మూలస్తంభాల్లో ఒకటి, వ్యక్తిగత దాడి చేస్తే నిరోధిస్తారు. ఏ విషయమైనా మాట్లాడు, మనిషి మీదకి వెళ్లకు. ఈ రెండూ కలిసి ఉండలేవన్నవాళ్లు ఒకసారి అక్కడి చర్చాపేజీలు చదవాలి, ఎంత తీవ్రంగా వాదించుకుంటారో.

"తీసేస్తే ఇంకో చోట చేరి అదే పని చేస్తారు, లాభం లేదు" అని కూడా అంటారు. 2015లో రెడ్డిట్ అనే చర్చల సైటు రెండు ద్వేషపూరిత గుంపులను మూసేసింది. తర్వాత ఏమైందో ఈశ్వర్ చంద్రశేఖరన్ బృందం లెక్కకట్టి 2017లో ప్రచురించింది: చాలామంది ఆ సైటే వదిలేశారు, ఉన్నవాళ్ల రాతల్లో ద్వేషపు మాటలు కనీసం 80 శాతం తగ్గాయి, వాళ్లు వెళ్లి చేరిన వేరే గుంపుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. రెడ్డిట్ బయట వాళ్లేం చేశారన్నది ఆ లెక్కలో లేదు, అది వేరే ప్రశ్న. కానీ ఉన్నచోట మనిషి తీరు ఆ చోటు ఒప్పుకునేదాన్ని బట్టి మారుతుందని మాత్రం తేలింది. అందుకే అడ్మిన్‌గా ఉన్న స్నేహితులకు నేను అడిగేది చిన్నదే: తిట్టున్న జవాబు తీసేయండి, ఎందుకు తీశారో ఆ మనిషికి విడిగా చెప్పండి, తిట్టు లేకుండా అదే విమర్శ మళ్లీ పెట్టమనండి. ఆ అమ్మాయి ప్రశ్న మాత్రం డిలీట్ కాకముందే ఎవరో ఒకరు వెళ్లి సరైన జవాబు ఇవ్వండి.