నెత్తిన మబ్బు లేకపోతే వరద రాదని ఎవరు చెప్పారండీ మీకు?

ఇప్పుడే ఒక తెలుగు ట్రావెల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూశాను, ఒళ్ళు మండిపోతోంది. వరద రావచ్చని యాంటిలోప్ కాన్యన్ టూర్ రద్దు చేశారట. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో, నవాహో అనే మూలవాసుల నేల మీద ఉన్న ఇరుకు ఇసుకరాయి లోయ అది. "మబ్బు లేదు, చినుకు లేదు, ఈ నవాహో గైడ్లంతా మోసం" అని ఒకాయన. కింద వరసగా వంతపాట: "అసలు గైడ్ ఎందుకు బ్రో, మనంతట మనం దిగితే పోయేదేముంది?"

పోయేది ప్రాణం.

ఆ కాన్యన్‌లో అప్పర్, లోయర్ అని రెండు భాగాలు. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో 11 మంది పర్యాటకులు వరదలో చనిపోయారు. ఆ రోజు కాన్యన్ దగ్గర పడిన వాన అంతంత మాత్రం. కుండపోత కురిసింది అక్కడికి సుమారు 11 కిలోమీటర్ల ఎగువన. అప్పట్లో ఉన్నవి చెక్క నిచ్చెనలు, నీళ్ళు వాటినీ ఊడ్చుకుపోయాయి. లోపలున్న వాళ్ళలో బతికి బయటపడింది ఒక్క మనిషి.

ఇది అర్థం కావడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. చుట్టుపక్కలంతా చదునుగా పరుచుకున్న ఇసుకరాయి, పలచటి మట్టి. పడ్డ వాన ఇంకదు, జారిపోతుంది. మైళ్ళ మేర జారిన నీళ్ళన్నీ ఒకే వాగులో కలుస్తాయి. ఆ వాగు వచ్చి మనిషి భుజాలు రెండు పక్కలా రాసుకునేంత సందులో దూరుతుంది. పక్కలకి చోటు లేని నీళ్ళు పైకి లేస్తాయి, నిమిషాల్లో. గోడ పట్టుకుందామంటే పట్టు దొరకదు. మీరు ఫొటో తీసుకోవడానికి వచ్చిన ఆ నున్నటి వంపులు వేల ఏళ్ళుగా అలాంటి వరదలు ఇసుకతో రుద్ది చేసినవే. అందుకే గైడ్ మీ నెత్తి మీది ఆకాశాన్ని నమ్ముకోడు, ఎగువ ఏం జరుగుతోందో కనుక్కుంటాడు. ఇప్పుడు అక్కడ బోల్టులతో బిగించిన ఇనుప నిచ్చెనలు, పట్టుకుని ఎక్కేందుకు పైనుంచి వదిలే వలలు, వాతావరణ రేడియో, హారన్ ఉన్నాయంటే 1997 వల్లే. 2006 అక్టోబరు చివర్లో వరద 36 గంటలు పారింది, లోయర్‌ని 5 నెలలు మూసేశారు. వరద వెళ్ళాక కూడా లోపల ఇసుక మట్టం మారిపోతుంది. నిన్న మోకాలెత్తున్న రాయి ఇవాళ నడుమెత్తు ఉండొచ్చు. అదంతా చూసుకుని, సరిచేశాకే మిమ్మల్ని దింపుతారు.

జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడ మాన్‌సూన్. ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తాయి. కాబట్టి ఉదయం స్లాట్ తీసుకోండి, కాన్యన్ పక్కనున్న పేజ్ ఊళ్ళో ఒక రోజు అదనంగా పెట్టుకోండి. వేగస్‌లో దిగి, మర్నాడు యాంటిలోప్, అదే సాయంత్రం గ్రాండ్ కాన్యన్, రాత్రికి ఫ్లైట్ అని ప్లాన్ వేసుకుంటే అది మీ తప్పు, గైడ్‌ది కాదు.

టైం గొడవ ఇంకోటి. ఆరిజోనా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు మార్చదు. నవాహోల సొంత పాలనలో ఉన్న నవాహో నేషన్ మారుస్తుంది. పక్కనే యూటా రాష్ట్రం, అదీ మారుస్తుంది. పేజ్ చుట్టుపక్కల ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది. యాంటిలోప్ టూర్లు నవాహో నేల మీదే జరిగినా నడిచేది ఆరిజోనా టైం ప్రకారం. ఫోన్లో ఆటోమేటిక్ తీసేసి ఆరిజోనా రాజధాని ఫీనిక్స్ టైం పెట్టుకోండి. ఆ తర్వాత నవాహో నేషన్‌లోనే ఉన్న మాన్యుమెంట్ వ్యాలీకో చిన్లీ ఊరికో వెళ్తే వేసవిలో ఒక గంట ముందుకు జరపాలి. ఇది చూసుకోకుండా ఆలస్యంగా వచ్చి కౌంటర్ దగ్గర అమ్మాయి మీద అరవడం ఏం మర్యాద?

అమ్మానాన్నల్ని ఇండియా నుంచి తెచ్చి చూపించాలనుకునేవాళ్ళు అప్పర్, లోయర్ తేడా తెలుసుకోండి. లోయర్‌లో నిటారు నిచ్చెనలు, కాలు పట్టనంత ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని అందులోకి దింపడం పాపం. అప్పర్ లోపల నేల చదును, కానీ దారి ఒకవైపే కాబట్టి తిరిగి రావడానికి బయట మెట్లుంటాయి. బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి. బ్యాగులు, ట్రైపాడ్లు, సెల్ఫీ స్టిక్కులు లోపలికి రానివ్వరు. మంచినీళ్ళ సీసా చేత్తో పట్టుకెళ్ళండి. పైనుంచి నిలువుగా పడే వెలుతురు స్తంభాలు కావాలంటే అప్పర్, అదీ మార్చి చివరి నుంచి అక్టోబరు మొదటి దాకా, నడి మధ్యాహ్నం. ఆ స్లాట్లకి డబ్బు ఎక్కువ, ముందే అయిపోతాయి.

"తొందరపెట్టారు" అనే ఫిర్యాదు కూడా చూశాను. వెనకాల ఇంకో గుంపు వస్తోంది కదా! అదే గైడ్ మీ ఫోన్ అడిగి తీసుకుని, రంగులు వెచ్చగా కనపడేలా వైట్ బ్యాలెన్స్ మార్చి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా ఎక్కడ నిలబడాలో చూపించి, మీ కుటుంబమంతటికీ ఫొటోలు తీసిపెడతాడు. ఆ ఫొటోలే డీపీ పెట్టుకుంటారు. టిప్ దగ్గరికొచ్చేసరికి అందరి చూపులూ పక్కకి తిరుగుతాయి. అమెరికాలో బిర్యానీ తిన్న హోటల్లో పదిహేను, ఇరవై శాతం ఇస్తారు కదా, ఇక్కడ చెయ్యెందుకు రాదు?

అసలు నా కడుపుమంట ఈ ఒక్క టూర్ గురించి కాదు, ఎప్పటినుంచో ఉన్నది. ఆ నేల ఒకరి ఇల్లు అన్న స్పృహే మనవాళ్ళకి లేదు. ఆరిజోనాలోనే ఉన్న కాన్యన్ డి షే అనే లోయ సంగతి చూడండి. 1931 నుంచి నేషనల్ మాన్యుమెంట్, అంటే అమెరికా ప్రభుత్వ రక్షిత ప్రాంతం, కానీ నేలంతా నవాహోలదే. అడుగున ఇప్పటికీ కుటుంబాలున్నాయి, మొక్కజొన్న పొలాలున్నాయి. 1864లో అమెరికా సైన్యాధికారి కిట్ కార్సన్ సైన్యం ఆ లోయలో ఇళ్ళు తగలబెట్టింది, వేల పీచ్ చెట్లు నరికేసింది. మనుషుల్ని వందల మైళ్ళు నడిపించి న్యూ మెక్సికోలో ఫోర్ట్ సమ్నర్ దగ్గర బంధించింది. అమెరికా ప్రభుత్వంతో 1868 ఒప్పందం తర్వాతే వాళ్ళు తిరిగొచ్చారు. ఈ చరిత్రని అక్కడి గైడ్ తాతమ్మల కథలుగా చెప్తాడు. అతని మాట వింటూ లోయలోకి వెళ్తే రోజంతా చాలదు. మనవాళ్ళేమో గట్టు మీద కారు ఆపి, స్పైడర్ రాక్ అనే నిలువు రాతి స్తంభం ముందు ఒక సెల్ఫీ కొట్టి వెళ్ళిపోతారు. దిగాలనుకున్నవాళ్ళు "మా జీపుకి ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా" అని గైడ్‌తో బేరమాడతారు. వసంతంలో మంచు కరిగిన నీళ్ళు వాగులో పారుతుంటే ఇసుక ఊబిలా మారుతుంది. ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన అన్నది రోజూ తిరిగేవాడికే తెలుస్తుంది. బండి ఇరుసుల దాకా కూరుకుపోతే లాగించుకోవడానికయ్యే ఖర్చు గైడ్‌కిచ్చేదానికన్నా చాలా ఎక్కువ.

వెళ్ళేవాళ్ళు డ్రోన్ ఇంట్లో వదిలెయ్యండి, నవాహో పార్కుల్లో నిషేధం. మద్యం సీసాలూ అంతే, నవాహో నేషన్ మొత్తం నిషేధం. ఇళ్ళనీ మనుషుల్నీ ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి. టూర్ రద్దయితే డబ్బు వెనక్కో వేరే తేదీయో అడిగి తీసుకోండి, అది మీ హక్కు. దాని కోసం మీ ప్రాణం కాపాడినవాణ్ణి మోసగాడు అనకండి.