ట్యాక్స్ కోడ్ అంటే లెక్క కాదు, అంచనా

ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నుంచి కొత్త ట్యాక్స్ కోడ్ నోటీసు వస్తుంది. పెన్షన్‌లోంచి ఎంత ట్యాక్స్ కోయాలో పెన్షన్ సంస్థకు చెప్పే కోడ్ అది. పెన్షన్ తీసుకునే మన పెద్దవాళ్లలో కొందరు, ‘ప్రభుత్వం వేసిన లెక్క కదా, సరిగ్గానే ఉంటుంది’ అని దాన్ని సొరుగులో పడేస్తారు. ఇంకొందరు ఏదో జరిమానా పడిందనుకుని కంగారుగా పిల్లలకు ఫోన్ చేస్తారు. ఆ కాగితంలో ఉన్నది లెక్కా కాదు, జరిమానా కాదు. మీకు ఈ ఏడాది ఎంత ఆదాయం వస్తుందో హెచ్‌ఎంఆర్‌సీ వేసుకున్న అంచనా. అది తప్పైతే చెప్పాల్సింది మనమే. చెప్పకపోతే ఏడాది తర్వాత బాకీ మన నెత్తినే పడుతుంది.

చిక్కంతా ప్రభుత్వం ఇచ్చే స్టేట్ పెన్షన్ దగ్గర మొదలవుతుంది. దానికి ట్యాక్స్ వర్తిస్తుంది, కానీ ఇచ్చేటప్పుడు పైసా కోయరు. ఆ కోత మీ కంపెనీ పెన్షన్ మీదో ప్రైవేట్ పెన్షన్ మీదో పడుతుంది. ఎలాగంటే, దాదాపు అందరికీ ఉండే, ట్యాక్స్ పడని 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్‌లోంచి ముందు స్టేట్ పెన్షన్‌ను తీసేస్తారు. వారానికి 200 పౌండ్లు వచ్చేవారికి ఏడాదికి 10,400. మిగిలేది 2,170. చివరి అంకె వదిలేసి పక్కన ఎల్ చేరిస్తే 217ఎల్. ఇదే మీ ప్రైవేట్ పెన్షన్‌కు వచ్చే కోడ్. ఆ పెన్షన్ 8,000 అయితే 2,170 పోను మిగతా 5,830 మీద 20 శాతం, అంటే 1,166 పౌండ్లు కోస్తారు. స్టేట్ పెన్షన్ మీద కట్టాల్సింది కూడా ఇక్కడే కట్టేస్తున్నారన్నమాట. ‘నా చిన్న పెన్షన్ మీద ఇంత ట్యాక్సా?’ అన్న ప్రశ్నకు జవాబు అదే.

పాత పద్ధతి పెన్షన్‌లో అదనపు భాగం ఉన్న కొందరికి స్టేట్ పెన్షన్ ఒక్కటే అలవెన్స్‌ను దాటేస్తుంది. అప్పుడు కోడ్‌కు ముందు కే వస్తుంది. 13,500 పౌండ్లు వస్తుంటే 930 ఎక్కువైంది కాబట్టి, చివరి అంకె వదిలేసి ఒకటి తగ్గిస్తే కే92. ఆ మేరకు ప్రైవేట్ పెన్షన్‌కు లేని ఆదాయాన్ని కలిపి ట్యాక్స్ వేస్తారు. చూడగానే భయం వేస్తుంది గానీ, ఏ నెలా ఆ పెన్షన్‌లో సగానికి మించి కోయకూడదన్న నిబంధన ఉంది.

నోటీసులో స్టేట్ పెన్షన్ అంకెను సరిచూసేటప్పుడు చాలామంది బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకుని జమలు కూడతారు. ఆ కూడిక కుదరదు. చట్టం చూసేది ఆ ఏడాదిలో మీకు హక్కుగా చేరిన వారాలను. డబ్బు ఖాతాలో పడిన తేదీని కాదు. ఏప్రిల్‌లో పడే మొదటి జమలో పాత ఏడాది వారాలూ కలిసి ఉంటాయి. అందుకని స్టేట్ పెన్షన్ ఇచ్చే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీ పంపిన ఉత్తరంలోని వారపు రేటును 52తో గుణించి పోల్చండి. పది, ఇరవై పౌండ్ల తేడా ఉంటే వదిలేయండి. వందల్లో ఉంటే మాత్రం అడగాలి.

కోడ్‌లు ఎక్కువగా తప్పేది బ్యాంకు వడ్డీ దగ్గర. ఇక్కడి బ్యాంకులు మీ వడ్డీ వివరాలను నేరుగా హెచ్‌ఎంఆర్‌సీకి పంపుతాయి. అది పోయిన ఏడాది అంకెనే ఈ ఏడాదికీ అంచనాగా పెట్టుకుంటుంది. పై ఉదాహరణలోని వ్యక్తికి 1,600 పౌండ్ల వడ్డీ వచ్చిందనుకోండి. బేసిక్ రేటు, అంటే 20 శాతం, కట్టేవారికి వెయ్యి పౌండ్ల వడ్డీ దాకా ట్యాక్స్ లేదు కాబట్టి మిగతా 600ను అలవెన్స్‌లోంచి తీసేస్తారు. 217ఎల్ కాస్తా 157ఎల్ అవుతుంది. కానీ ఆ వడ్డీ రెండు మూడేళ్ల బాండ్ గడువు తీరి ఒకేసారి వచ్చిందైతే ఈ ఏడాది అంత రాదు. నోటీసులో ఆ అంకె అలాగే కనిపిస్తే హెచ్‌ఎంఆర్‌సీ వెబ్‌సైట్‌లో మీ పర్సనల్ ట్యాక్స్ అకౌంట్‌లోకి వెళ్లి తగ్గించండి, కొత్త కోడ్ పెన్షన్ సంస్థకు వాళ్లే పంపుతారు.

వడ్డీ విషయంలో మన ఇళ్లలో వాడుకోకుండా వదిలేస్తున్న వెసులుబాటు ఒకటుంది. వడ్డీ, డివిడెండ్లు కాక మిగతా ఆదాయం 17,570 పౌండ్ల లోపు ఉంటే, 5,000 పౌండ్ల దాకా వడ్డీకి సున్నా శాతం రేటు వర్తించవచ్చు. భార్యకు స్టేట్ పెన్షన్ 11,000 మాత్రమే ఉండి, డిపాజిట్ల మీద 4,000 వడ్డీ వస్తే ఆమె కట్టాల్సింది ఏమీ లేదు. అదే డిపాజిట్ మంచి పెన్షన్ ఉన్న భర్త పేరు మీద ఉంటే మూడు వేల మీద ట్యాక్స్. డబ్బు ఎవరి పేరున ఉండాలన్నది మనలో చాలామంది మర్యాద కోణంలో చూస్తారు. ఒకసారి ట్యాక్స్ కోణంలోనూ చూడాలి. అలాంటి ఇంట్లో మ్యారేజ్ అలవెన్స్ కూడా అడగవచ్చు. ఆమె 1,260 పౌండ్ల అలవెన్స్‌ను బేసిక్ రేటు కట్టే భర్తకు బదిలీ చేస్తే ఏడాదికి 252 పౌండ్లు మిగులుతాయి. అర్హత ఉంటే వెనకటి నాలుగేళ్లకూ ఇస్తారు.

రెండో పెన్షన్ ఉంటే దానికి సాధారణంగా బీఆర్ కోడ్ వేస్తారు, అంటే మొత్తం మీద 20 శాతం. మొదటి పెన్షన్ అలవెన్స్‌ను పూర్తిగా వాడుకుంటుంటే అది సరైనదే. కానీ అలవెన్స్ అంతా నెలకు యాభై పౌండ్లు వచ్చే పెన్షన్‌కు తగిలించి, పెద్ద పెన్షన్‌కు బీఆర్ వేసిన సందర్భాలు ఉంటాయి. అటు అలవెన్స్ వృథా, ఇటు అదనపు కోత. కోడ్ చివర ఎం1 ఉంటే ఇంకో సంగతి. అది ఆ నెలను ఒక్కదాన్నే చూసే తాత్కాలిక కోడ్. పెన్షన్ నిధిలోంచి మొదటిసారి ట్యాక్స్ పడే 10,000 పౌండ్లు తీసుకుంటే, ప్రతి నెలా అంతే తీస్తారనుకుని సుమారు 2,950 కోసేస్తారు. ఏడాది చివరిదాకా ఆగనవసరం లేదు. నిధిలో ఇంకా డబ్బు ఉంటే పీ55 ఫారం నింపితే ఎక్కువ కోసింది ముందే తిరిగి వస్తుంది.

ఈ ఏడాది కోడ్‌లలో కొత్తగా కనిపిస్తున్నది, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చుకు ఇచ్చే వింటర్ ఫ్యూయల్ పేమెంట్. వ్యక్తి ఆదాయం 35,000 పౌండ్లు దాటితే 2025 చలికాలంలో ఇచ్చినదాన్ని 2026-27 కోడ్ ద్వారా వెనక్కి తీసుకుంటున్నారు. ఎనభై ఏళ్ల లోపు దంపతులకు చెరి వంద వచ్చి ఉంటుంది. బేసిక్ రేటు వారి నుంచి ఆ వంద రాబట్టడానికి అలవెన్స్‌ను 500 తగ్గిస్తారు, ఐదు వందలు కోసినట్టు కాదు. ఒకరి ఆదాయం దాటితే రెండోవారి వంద జోలికి రారు. సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే ఏటా తామే లెక్కవేసి రిటర్న్ వేసేవారికి ఇది కోడ్‌లో కాక రిటర్న్‌లో వస్తుంది. రెండు చోట్లా కనిపిస్తే అడగండి.

ఇక ప్రభుత్వం తీరు. పర్సనల్ అలవెన్స్ 2021 నుంచి 12,570 దగ్గరే ఉంది, 2031 ఏప్రిల్ దాకా అక్కడే ఉంచుతామని 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పారు. అటు పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ 2026 ఏప్రిల్ నుంచి వారానికి 241.30, అంటే ఏడాదికి దాదాపు 12,548 పౌండ్లకు చేరింది. మధ్యలో మిగిలింది 22 పౌండ్లు. వచ్చే పెంపుతో అదీ పోతుంది. ఒక చేత్తో పెంచి, ఇంకో చేత్తో ఉత్తరం పంపే ఏర్పాటు ఇది. బేసిక్ లేదా కొత్త స్టేట్ పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేనివారిని 2027-28 నుంచి ఆ చిల్లర వసూళ్ల బారి నుంచి తప్పిస్తామన్నారు. మంచిదే. కానీ నెలకు నలభై పౌండ్ల చిన్న కంపెనీ పెన్షన్ ఉన్న మనిషికి ఆ మినహాయింపు అందదు. స్టేట్ పెన్షన్‌లోనే ట్యాక్స్ కోసి ఇచ్చే పద్ధతి పెడితే ఈ కే కోడ్‌లు, ఉత్తరాలు సగానికి సగం అక్కర్లేకుండా పోతాయి. అది చేయకుండా ఎనభై ఏళ్లవారిని ఆన్‌లైన్ ఖాతా తెరుచుకోమనడం న్యాయం కాదు.

కోడ్ ద్వారా రాబట్టలేనిది ఉంటే సింపుల్ అసెస్‌మెంట్ ఉత్తరం వస్తుంది. పేరు దగ్గరగా ఉండటంతో దీన్నీ సెల్ఫ్ అసెస్‌మెంట్‌నూ కలిపేసుకుంటారు. సింపుల్‌లో లెక్క వాళ్లే వేస్తారు, రిటర్న్ అక్కర్లేదు. అంకెలు తప్పనిపిస్తే 60 రోజుల్లోగా చెప్పాలి. సెల్ఫ్‌లో లెక్క మీదే, సంతకం మీదే. పెన్షనర్ అయినంత మాత్రాన అది చేయాల్సిన పనిలేదు. ట్యాక్స్ కోయని ఆదాయం, అంటే ఇంటి అద్దె లాంటిది, 2,500 పౌండ్లు దాటినా, వడ్డీ, డివిడెండ్లు 10,000 దాటినా, ట్యాక్స్ పడే లాభంతో ఆస్తి అమ్మినా చేయాలి. విదేశీ ఆదాయం మీద ఇక్కడ ట్యాక్స్ కట్టాల్సి ఉన్నా చేయాలి. మనవాళ్లు జారేది ఈ చివరి మెట్టు మీదే.

‘అది ఇండియా డబ్బు, అక్కడ ట్యాక్స్ కట్టేశాం’ అనే మాట మన సమావేశాల్లో ధీమాగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇక్కడ నివసించేవారి ప్రపంచవ్యాప్త ఆదాయం మీద బ్రిటన్‌కు హక్కుంది. ఇక్కడికి తెచ్చుకున్న డబ్బు మీదే కట్టే పాత రెమిటెన్స్ పద్ధతి 2025 ఏప్రిల్ 6తో పోయింది. విదేశీ సంపాదనను ఇండియా బ్యాంకులో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో ట్యాక్స్ లేదు, ఇక్కడ ఉంది. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే. అక్కడ ట్యాక్స్ లేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా ఉండదు.

ఇండియాలో వచ్చే ఆదాయాన్ని వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో చిక్కు వేరు. అక్కడి బ్యాంకు మామూలుగా సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ కోస్తుంది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ వడ్డీ మీద ఇండియా తీసుకోదగ్గది 15 శాతమే, కాబట్టి ఇక్కడ క్రెడిట్ ఇచ్చేదీ ఆ 15 దాకానే. మిగతా 16.2 శాతాన్ని ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అంతకంటే మేలు, హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర రెసిడెన్స్ సర్టిఫికెట్ తీసుకుని ఏడాది మొదట్లోనే బ్యాంకుకు ఇవ్వడం. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె విషయంలో, అక్కడ దొరికే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇక్కడ చెల్లదు. నిజంగా అయిన మరమ్మతు, మెయింటెనెన్స్ ఖర్చులనే తగ్గించుకోవాలి, రసీదులు ఉండాలి. స్థలం అమ్మితే లాభాన్ని పౌండ్లలో లెక్కగట్టాలి. కొన్న ధరను కొన్నరోజు మారకపు రేటుతో, అమ్మిన ధరను అమ్మినరోజు రేటుతో మార్చాలి. రూపాయల్లో లాభం లెక్కగట్టి చివర్లో ఒకేసారి మార్చేవారు, రూపాయి విలువ పడిపోయిన ఈ ఏళ్లలో, ఉన్నదానికంటే ఎక్కువ లాభం చూపించుకుంటున్నారు.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో రిటైరై పిల్లల దగ్గరకు వచ్చి స్థిరపడినవారి పెన్షన్‌కు మరో నియమం. భారత పౌరులుగా ఉన్నంతకాలం ఆ పెన్షన్ మీద ట్యాక్స్ హక్కు ఇండియాదే. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే హక్కు బ్రిటన్‌కు మారుతుంది. ఓసీఐ కార్డు ఉన్నా మారినట్టే. పాస్‌పోర్ట్ కోసం దరఖాస్తు చేసేటప్పుడు దీని గురించి ఎవరూ చెప్పరు.

భారత బ్యాంకులు బ్రిటన్ నివాసుల ఖాతాల వివరాలను ఏటా తమ ప్రభుత్వం ద్వారా ఇక్కడికి పంపుతున్నాయి. కాబట్టి దాచినా దాగదు. విదేశీ ఆదాయం విషయంలో హెచ్‌ఎంఆర్‌సీ 12 ఏళ్ల వెనక్కి వెళ్లగలదు. వాళ్లు ఉత్తరం రాయకముందే మీరే ముందుకొచ్చి చెబితే జరిమానా బాగా తక్కువ పడుతుంది. అలా చెప్పడానికి వరల్డ్‌వైడ్ డిస్‌క్లోజర్ ఫెసిలిటీ అని ప్రత్యేక మార్గం ఉంది.

తేదీల మాటకొస్తే, 2025-26 ఆదాయానికి కొత్తగా నమోదు కావాల్సినవారు 2026 అక్టోబర్ 5 లోగా కావాలి. పేపర్ రిటర్న్‌కు అక్టోబర్ 31, ఆన్‌లైన్‌కు, చెల్లింపుకు 2027 జనవరి 31. మూడు వేల లోపు బాకీని పెన్షన్ కోడ్ ద్వారా నెలనెలా కట్టాలంటే డిసెంబర్ 30 లోగా ఆన్‌లైన్‌లో ఫైల్ చేయాలి. ఈ తేదీ తెలియక జనవరిలో ఒకేసారి కట్టేవారే ఎక్కువ. బిల్లు వెయ్యి దాటి, ట్యాక్స్‌లో ఎక్కువ భాగం ముందే కోసి ఉండకపోతే, వచ్చే ఏడాదికి అడ్వాన్సుగా సగం కూడా అప్పుడే కట్టమంటారు. 1,400 అనుకున్నది 2,100 అవుతుంది. రిటర్న్ వేయమని నోటీసు వచ్చాక కట్టాల్సింది సున్నా అయినా ఆలస్యానికి వంద పౌండ్లు తప్పదు. వేయనవసరం లేదనుకుంటే, నోటీసు వెనక్కి తీసుకోమని గడువు లోపలే అడగాలి.

మన సంఘాలు ట్యాక్స్ సహాయ శిబిరాలు పెడితే సాధారణంగా సంక్రాంతి సంబరాల పక్కన పెడుతుంటాయి. అప్పటికి నమోదు గడువు, డిసెంబర్ గడువు రెండూ దాటిపోతాయి. బతుకమ్మ, దసరా ఏర్పాట్లకు సెప్టెంబర్‌లో ఎలాగూ కలుస్తాం, ఆ రోజుల్లోనే ఒక శనివారం దీనికి ఇవ్వాలి. వచ్చేవారు కోడ్ నోటీసు, ప్రతి పెన్షన్‌కూ ఏడాది ట్యాక్స్ వివరాలుండే పీ60, డీడబ్ల్యూపీ ఉత్తరం, ఇక్కడి బ్యాంకుల వడ్డీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. ఇండియా ఖాతాలకు మార్చి 31తో ముగిసే టీడీఎస్ కాగితం ఒక్కటే చాలదు. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా స్టేట్‌మెంట్ కావాలి. ఆన్‌లైన్ ట్యాక్స్ ఖాతాలోకి వెళ్లే గవర్నమెంట్ గేట్‌వే పాస్‌వర్డ్ మాత్రం ఎంత నమ్మకస్తుడైన వాలంటీర్‌కైనా ఇవ్వొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని మీరే టైప్ చేయండి. ఆదాయం తక్కువున్న పెద్దలకు ట్యాక్స్‌ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఇండియా ఆస్తి అమ్మకాలు, పాత బాకీలు ఉన్నవారు మాత్రం రెండు దేశాల చట్టాలూ తెలిసిన అకౌంటెంట్ దగ్గరకే వెళ్లాలి. అది శిబిరంలో అరగంటలో తేలే పని కాదు.